వాన కొండల మీదే అని చెప్పిన రోజు

1998 సెప్టెంబరు నెలాఖరు. ఒమాన్‌లో కొండల అంచున ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో, వాతావరణ విభాగంలో పనిచేస్తున్నాను. మాది అమలాపురం. ఏటా తుఫాన్లు చూస్తూ పెరిగినవాణ్ణి, వానలు అంచనా వేయడానికి ఎడారికి వెళ్లానంటే మావాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. "అక్కడ వానేంట్రా? నిన్ను కూర్చోబెట్టి మేపుతున్నారా?" అని మా పెదనాన్నగారు అడగని సెలవు లేదు.

నిజానికి ఋతుపవనాలు వెనక్కి తగ్గే ఆ రెండు మూడు వారాలూ నాకు కంటిమీద కునుకుండేది కాదు. అరేబియా సముద్రం మీద మిగిలిపోయిన తేమ ఎప్పుడు ఎటు మళ్లుతుందో తెలియదు. పొద్దున్న ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంటుంది. మధ్యాహ్నానికి కొండలు వేడెక్కి, వాటికి సముద్రపు గాలి తగిలి, సి.బి. లేస్తుంది. సి.బి. అంటే క్యుములోనింబస్, ఉరుములూ పిడుగులూ పుట్టించే నిలువెత్తు మబ్బు. అది లేస్తుందో లేదో ముందే పసిగట్టడానికి నేను ఎక్కువగా నమ్ముకున్నది డ్యూ పాయింట్. గాలి ఎంతవరకు చల్లబడితే అందులోని తేమ మంచుబిందువులుగా మారుతుందో చెప్పే అంకె అది. ఆ అంకె పెరిగిందంటే గాలిలో తేమ పెరిగినట్టు.

ఆ రోజు పొద్దున్న అది ఒక్కసారిగా ఎగబాకింది. మేం ఎగరేసిన బెలూన్ పైనుంచి పంపిన వివరాలూ అదే మాట చెప్పాయి. "మధ్యాహ్నం రెండు తర్వాత కొండల మీద పిడుగులతో భారీ వర్షం, దిగువన పొడి వాతావరణం" అని నోటీసు రాసి, చుట్టుపక్కల రోడ్డు పనుల క్యాంపులన్నిటికీ ఫాక్స్ చేశాను. ఎడారిలో అంత కచ్చితంగా చెప్పడానికి ధైర్యం కావాలి. దాచడమెందుకు, కాస్త గర్వంగానే ఉంది.

పదకొండింటికి ఫోను మోగింది. సూరిబాబు. కొత్తపేటవాడు, ఇరవై కిలోమీటర్ల అవతల ఒక క్యాంపులో మేస్త్రి. వాతావరణం తెలుగులో చెప్పే మనిషి దొరికాడని వారానికి రెండుసార్లయినా పలకరించేవాడు.

"మాస్టారండీ, మీ ఫాక్సొచ్చిందండి. ఇంజినీరుగారు ఇంగ్లీషులో చదివేసి వెళ్లిపోయేరు. ఇంతకీ వానెక్కడండీ?"

"కొండల మీదే సూరిబాబూ. మీ వాదీలో చినుకు కూడా పడదు."

"పిడుగులో అండీ?"

"అవీ కొండల మీదే. గట్టిగానే ఉంటాయి."

"ఆయ్, చాలండి మాస్టారూ. ఉంటానండి."

నేను ఫోను పెట్టేసి టీ తెచ్చుకున్నాను. రెండుంబావుకి దూరంగా కొండల మీద మబ్బు నల్లబడి, ఉరిమింది. గడియారం చూసుకుని మురిసిపోయాను.

వాదీ అంటే ఎండిపోయిన కొండ ఏరు. ఏడాదంతా గులకరాళ్లే. పైన కొండరాతి మీద పడ్డ వాన ఇంకదు, మొత్తం వాదీలోకే దూకుతుంది. నాలుగ్గంటలకి సూరిబాబు క్యాంపు దగ్గర ఎండ కాస్తూనే ఉంది. ఆ ఎండలోనే మనిషెత్తు నీళ్లు బురదతో, రాళ్లతో వచ్చి పడ్డాయి.

ఆ సమయానికి సూరిబాబు చెల్లెలి భర్త సత్యం వాదీలో ఉన్నాడు. సగం కట్టిన కల్వర్టు కింద, మరో ఇద్దరితో కలిసి కూర్చున్నాడు. ఆ ఇద్దరూ ఎలాగో గట్టెక్కారు. సత్యం మర్నాడు మూడు కిలోమీటర్ల దిగువన దొరికాడు.

నోటీసు ఎవరూ పట్టించుకోలేదేమో అనుకుంటూ క్యాంపుకి వెళ్లాను. సూరిబాబు నన్ను చూసి చేతులు పట్టుకున్నాడు.

"మీ మాట మీదే దించేనండి మాస్టారూ. ముగ్గురూ కొండ మీద ఇనప ఊచలు కడతన్నారండి. పిడుగు పడుద్దని నేనే దించి, స్లాబు కిందైతే భయం లేదని కూచోబెట్టేనండి."

నా నోటీసును అంత శ్రద్ధగా విన్నవాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడు. మా కోనసీమలో కొండన్నది లేదు. మాకు పిడుగంటే కొబ్బరిచెట్టు నెత్తిన పడేది, ఎత్తుకి దూరంగా ఉండాలన్నది పుట్టుకతో వచ్చిన తెలివి. ఇక వరదంటారా, భద్రాచలంలో గోదావరి పెరిగిందని రేడియోలో చెప్పాక కూడా మా లంకలకి రావడానికి టైముంటుంది. ఒడ్డున పుల్ల గుచ్చి, అది మునిగేదాకా చూసి, అప్పుడు సామాను సర్దుకుంటాం. చెప్పాపెట్టకుండా ఎండలో వచ్చే వరద సూరిబాబుకి ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు.

నెలాఖరున మా ఆఫీసులో వెరిఫికేషన్ ఉంటుంది. వేసిన అంచనాల్లో ఏది నిజమైందో సరిచూడటం. ఆ రోజు అంచనా ఎదురుగా 'హిట్' అని రాయాలి. నాకు చెయ్యి రాలేదు. మా పై అధికారే రాశాడు.

సత్యం శవాన్ని తీసుకుని సూరిబాబు చెల్లెలి ఊరు రాజోలు వెళ్లి వారానికే తిరిగొచ్చేశాడు. బావకి వీసా తెప్పించి తీసుకొచ్చింది తనే. చెల్లెలు మంగ అతని మొహం చూడలేదట. "మా అన్నయ్యే ఆయన్ని గోతిలోకి దించేడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పిందట. "నిజవే కదండీ" అన్నాడు సూరిబాబు. మనిషి సగమైపోయాడు. అతన్ని అలా చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. డిసెంబరు సెలవులో రాజోలు వెళ్లాను.

మంగ అరుగు మీద కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, గుమ్మంలో నిలబడింది. నేను నోటీసు సంగతీ, ఫోను సంగతీ ఉన్నదున్నట్టు చెప్పాను.

"అంటే అన్నయ్య మీ మాట విన్నాడాండీ?"

"అక్షరం పొల్లుపోకుండా విన్నాడమ్మా. సత్యాన్ని కాపాడాలనే దించాడు. తప్పు నా మాటలో ఉంది."

మంగ నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుంది. తర్వాత కోపం ఏమీ లేకుండా, తెలుసుకోవాలన్నట్టే అడిగింది. "మరి అది విని ఏం చేస్తావని అన్నయ్యని మీరు అడగలేదాండీ?"

"లేదమ్మా" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

ఆమే చెంగుతో కళ్లు తుడుచుకుని, చెప్పులేసుకుని, నన్ను సెంటర్లో ఐ.ఎస్.డి. బూత్‌కి తీసుకెళ్లింది. సూరిబాబు లైన్లోకి రావడానికి పది నిమిషాలు పట్టింది. "అన్నయ్యా, నేను, మంగని. అన్నం తింటన్నావా?" అంది. అవతల నుంచి ఏడుపు నాకూ వినపడింది. ఆమె రిసీవరు పెట్టెయ్యకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. వాన ఎక్కడో రాసి ఊరుకోలేదు. మనుషులు ఎక్కడ ఉండకూడదో కూడా రాశాను. ఫోన్ చేసిన ప్రతివాణ్ణీ, "ఇది విని ఇప్పుడేం చేయబోతున్నారు?" అని అడిగి, జవాబు విన్నాకే పెట్టేసేవాణ్ణి. అలా అడగడానికి అర నిమిషం పడుతుంది. సూరిబాబుని అడిగి ఉంటే, "కల్వర్టు కింద కూచోబెడతానండి" అని చెప్పేవాడు.