అమ్మ వేళ్ళకు తెలిసింది

తొంభైల చివర్లో నేను అనంతగిరి వైపు ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారిని. మెదడు పాఠానికి పిల్లల్ని గుంపుగా నిలబెట్టేవాణ్ణి. ఒక్కరు భుజం తడితే ఊరుకోవాలి. ఇద్దరు ఒకేసారి తడితే చప్పట్లు కొట్టి, పక్కవాళ్ళను తట్టాలి. మెదడులో నరాల కణాలూ అంతే, చాలినంత కబురు అందితేనే చిటుక్కుమంటాయి. ఒకటి చిటుక్కుమన్న వెంటనే ఇంకొకటి చిటుక్కుమంటే, అలా మాటిమాటికీ జరిగితే, ఆ రెంటి మధ్య లంకె గట్టిపడుతుంది. నేర్చుకోవడమంటే అదేనని చెప్పేవాణ్ణి.

“మరి ఇందరిలో తెలుసుకున్నోలు ఎవులు మాస్టారూ?” అంది ఒకరోజు ఆ గుంపులోని ఒక గుంట.

కసిరి కూర్చోబెట్టాను. నాకు తెలియనివి అడిగితే ఒళ్ళు మండేది.

ఆ వారమే మా అమ్మకు మలేరియా వచ్చి మెదడుకెక్కింది. కాఫీ తోటల్లో పళ్ళు కోసి నన్ను చదివించిన మనిషి, ఆసుపత్రి మంచం మీద మూడు రోజులు పిలిస్తే పలకలేదు. జ్వరం దిగినా స్పృహ రాలేదు. నాలుగో రోజు పొద్దున ఆమె బొటనవేలూ చూపుడువేలూ కలిసి దేన్నో మెల్లగా మెలితిప్పడం చూశాను. పళ్ళు కోస్తోంది! కేక పెట్టి డాక్టరు గారిని పిలిచాను.

ఆయన అమ్మ రెప్పలు ఎత్తి చూశారు.

“ఏళ్ళ తరబడి చేసిన పని కదండీ, చేతులు వాటంతటవే చేస్తున్నాయేమో. మనిషి తేరుకుందని అప్పుడే అనుకోకండి.”

నా పాఠం నాకే అప్పజెప్పారు. కణాలున్నాయి, లంకెలున్నాయి, మా అమ్మ ఏదీ? నేను కసిరిన గుంట అడిగిందీ ఇదే.

ఉండబట్టలేక ఆసుపత్రి వెనక కాఫీ తోటలోకి పరుగెత్తాను. పళ్ళున్న కొమ్మొకటి ఫెళ్ళున విరిచి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. వేళ్ళు మెత్తటి పండు దగ్గర ఆగి తెంపాయి. గట్టి కాయను వదిలేశాయి. ఇదీ అలవాటేనా? ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. వేళ్ళు ఇంకా పాకి, కొమ్మ విరిగిన చోట ఆగిపోయాయి. తడిమాయి. మళ్ళీ తడిమాయి. కొమ్మ విరిస్తే వచ్చే ఏడు కాపు పోతుంది, పళ్ళు కోసేవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు.

అమ్మ నుదురు ముడిపడింది.

“కొమ్మిరిసీసినావేట్రా, ఎదవా?”

కళ్ళు ఇంకా తెరవనేలేదు. అంత పనికిమాలిన పని చేసింది నేనేనని ఆమెకు తెలిసిపోయింది. నేను మంచం పట్టె పట్టుకుని భోరున ఏడ్చాను.