మంచం కింద ఉర్లగడ్డ

ప్రొద్దుటూరు పైపుల అంగట్లో "బోరుకా, డ్రైనేజీకా?" అని అడిగితే "ఉర్లగడ్డలకు" అన్నాను. అంగడాయన మారు మాట్లాడకుండా కోసిచ్చాడు. పైపు ఎందుకని రెండోసారి అడిగే అలవాటు మా జిల్లాలో ఎవరికీ లేదు.

ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, గొట్టంలో దూర్చి, సైకిల్ పంపుతో గాలి నింపి, వాల్వు తిప్పితే అది ఎగరాలి. అంతే నా శాస్త్రం. పులివెందుల పక్కన మా చీనీతోటలో బత్తాయిలు పీకే కోతులను తరమడానికని ఇంట్లో చెప్పాను. కోతులు మొదటి రోజు బెదిరాయి. రెండో రోజు నుంచి గడ్డలు ఏరుకుని తినడానికి వేళకు వచ్చేవి.

ఆ గొట్టం మిద్దె మీద ఉండగానే, జమ్మలమడుగు నుంచి పెండ్లికూతురి వాళ్లు మా ఇల్లు చూసుకోవడానికి వచ్చారు. అంతకు ముందు మా అన్నకు కుదరబోయిన సంబంధం, "ఆ పక్క గలాటాలంట" అన్న ఒక్క మాటతో తప్పిపోయింది. ఇదీ పోతే ఇక కోతులతోనే కాపురమని అన్న తేల్చి చెప్పాడు.

పెండ్లికూతురి నాయన రిటైరైన హెడ్మాస్టరు. వాకిట్లో మంచం మీద కూర్చుని, కాఫీ ముట్టకుండానే అడిగాడు.

"మీ ఇంట్లో గలాటాలు ఏమన్నా ఉండాయా అప్పా?"

"మా తాత కాలం నుంచీ లేవు సారూ. బాంబు శబ్దం ఎట్లుంటాదో గూడా మాకు తెల్దు," అన్నాడు మా నాయన.

"మేమూ అంతే. పుస్తకాలు తప్ప ఇంకోటి ఎరగం."

నాయన నా వైపు తిరిగి, గొట్టం తీసెయ్యమని కళ్లతోనే చెప్పాడు. మిద్దెక్కి ఎత్తాను. పొద్దున గాలి నింపి మరిచిపోయిన సంగతి, వాల్వుకు మోచెయ్యి తగిలాక గుర్తొచ్చింది. గడ్డ పోయి ఎదురుగా పశువుల కొట్టం రేకుల మీద ధడేల్మని పడింది.

కిందికి చూస్తే మంచం ఖాళీ. హెడ్మాస్టరు దాని కింద బోర్లా పడుకుని, చెవులు మూసుకుని, నోరు తెరిచిపెట్టి ఉన్నాడు. అలా తెరిస్తే చెవుల గూబలు పగలవని ఏ పుస్తకంలో చదివాడో. పక్కనే మా నాయన, సగం బయటికి.

"లేయొద్దప్పా. ఒక్కటే యాడ ఏస్తారు? ఇంకోటి ఉంటాది," అన్నాడు హెడ్మాస్టరు.

"జతగానే సారూ. నూరు లెక్కబెట్టి లేయాల."

"మా తట్టు యాభయ్యే."

పెండ్లికూతురి అమ్మ మాత్రం కుర్చీలోంచి కదలలేదు. "పెండ్లయినప్పట్నుంచి చూస్తాండా," అంది మా అమ్మతో, కాఫీ ఊదుకుంటూ. "టపాకాయ పేలినా ఈయన మంచం కిందనే."

లెక్క అరవై దగ్గరో డెబ్భై దగ్గరో ఉండగా, రేకుల అంచున ఆగి ఉన్న గడ్డ కిందపడి, దొర్లుకుంటూ వచ్చి హెడ్మాస్టరు ముక్కు ముందు నిలబడింది.

"ఇది ఉర్లగడ్డ కదప్పా."

"మా చిన్నోడిది సారూ. కోతులకి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పడుకోవడం ఎక్కడ నేర్చావని ఎవరూ ఎవరినీ అడగలేదు. గుమ్మంలోంచి అన్న తొంగి చూశాడు.

హెడ్మాస్టరు లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ముహూర్తం చూపించండి. మంచమే శానా చిన్నది, కింద మనిద్దరికి సాల్లేదు. పెండ్లిలోగా పెద్దది చేపించండి."

చేయించాం.