తిమింగలం వాంతికి రేటు రాయలేదు

సముద్రం లేని చిత్తూరులో తిమింగలాల వార్త రాయాల్సి వస్తుందని కొత్తలో ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికి రెండుసార్లు రాశాను. మొదటిసారి తప్పుగా రాశాను, ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి సరిగ్గా రాస్తే ఆఫీసు సంజాయిషీ అడిగింది.

పట్టుకున్న సరుకును బల్ల మీద పరిచి, నిందితులకు ముసుగులేసి వెనక నిలబెట్టి విలేకరులను పిలవడం మా దగ్గర పోలీసులకు, అటవీశాఖకు పాత అలవాటు. మొదటిసారి బల్ల మీద ఉన్నది బూడిదరంగు మైనంలాంటి ముద్ద. తిమింగలం వాంతి, సెంట్ల తయారీలో వాడతారు అన్నారు. మేమంతా ఒకే ప్రశ్న అడిగాం: "రేటెంత సార్?" కోట్లలో చెప్పారు. ఆ అంకెనే శీర్షిక చేసి పంపాను. మర్నాడు బస్టాండు టీకొట్టులో దాన్ని ఎవరో పైకి చదువుతుంటే లోపల మురిసిపోయాను కూడా.

కొన్ని నెలలకు పలమనేరు దగ్గర, బెంగళూరు రోడ్డు మీద తనిఖీలో ఇంకో ముద్ద దొరికింది. పట్టుబడింది పాలవ్యాను డ్రైవరు, నడివయసు మనిషి. అటవీశాఖ ఆఫీసులో మళ్లీ బల్ల, మళ్లీ ముసుగు. ఈసారి ముద్ద పక్కన పాలిథిన్ కవరులో మడతపెట్టిన పేపరు కటింగు ఉంది. నా వార్తే.

"మీ పేపరు బాగానే సదువుతా ఉండారు సామీ," అన్నాడు అధికారి నావైపు చూసి. అందరూ నవ్వారు.

ముసుగులోంచి డ్రైవరు గొంతు వినిపించింది. "సార్, నేనేమన్నా తిమింగలాన్ని సంపినానా? అది కక్కింది, ఎవురో ఏరుకున్యారు, నా సేతికొచ్చింది. దానికి జైలా?"

"అది కక్కేదాకా కాసుకోని కూసునేదెవురప్పా? రేటు తెలిస్తే కడుపే కోస్తారు. ముందు కాలంలో కోసినారు కూడా," అన్నాడు అధికారి.

జీపు ఎక్కించేటప్పుడు డ్రైవరు నా ముందు ఆగాడు. "నువ్వేనంట కదన్నా రాసింది. అంత రేటు నిజంగా ఉండాదా?"

ఒకప్పుడు నూనె కోసం, ఈ ముద్ద కోసం ఓడలేసుకుని పోయి తిమింగలాలను చంపారు. ఆ వ్యాపార వేటను ఆపాలని చాలా ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి, కొన్ని ఇప్పటికీ వినవు. మన చట్టం తిమింగలాన్నీ డాల్ఫిన్‌నూ వేటాడవద్దనడంతో ఆగలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ముద్దను కూడా అమ్మకూడదంది. కొనేవాడు లేకపోతే చంపేవాడూ ఉండడని దాని ఉద్దేశం. ప్రభుత్వం సంత మూస్తుంటే నేను ఊరూరా ధర చాటింపు వేశాను. ఎర్రచందనం విషయంలోనూ ఏళ్ల తరబడి మేం చేసింది ఇదే. దుంగకు విదేశాల్లో ఎంత పలుకుతుందో రాశాం. అది చదివి శేషాచలం అడవిలోకి గొడ్డలి పట్టుకుపోయినవాళ్లు ఎందరో మేం ఎప్పుడూ వాకబు చెయ్యలేదు.

ఆ సాయంత్రం చట్టం ఏమిటో, ఎందుకో రాశాను. డ్రైవరు దగ్గర దొరికింది మా పేపరు కటింగేనని ఒక వాక్యం రాశాను. ధర రాయలేదు. తిరుపతి డెస్కు ఇన్‌చార్జి ఫోన్ చేశాడు. నాకంటే బాగా చిన్నవాడు.

"అన్నా, రేటు యాడ?"

"రాయలేదప్పా."

"మర్సిపోతివా? అడిగి సెప్పు, పేజీ ఆపినాను."

"మర్సిపోలే. ఆ అధికారి సెప్పినాడు. నేనే రాయను."

"ఏందన్నా, ఈ వయసులో తిమింగలాల మీద పేమ పుట్టింది! అన్ని పేపర్లూ ఇస్తాయి. మనకు లేకపోతే పొద్దున్నే నా మెడకు సుట్టుకుంటాది."

"నా మెడకే సుట్టమను. అంకె కలిపితే నా పేరు తీసెయ్."

"ఆ కటింగు మాట కూడా తీసేస్తా. పేపరు పరువు పోతాది."

"పరువు పోయింది అంకె రాసిన పొద్దే. ఇప్పుడు దాసిపెట్టేదేముండాది?"

ఫోన్ పెట్టేశాడు. మర్నాడు వార్త నాలుగో పేజీలో, కింద మూలన వచ్చింది. నా పేరు లేదు, కటింగు వాక్యం లేదు. అంకె కూడా లేదు. మిగతా పేపర్లన్నీ కోట్లను కొట్టొచ్చినట్టు వేశాయి.

ముఖ్య సమాచారం ఎందుకు తప్పిపోయిందో మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని మెమో వచ్చింది. మూడు రోజులు అక్కర్లేదు. "తప్పిపోలేదు. తెలిసీ రాయలేదు. తిమింగలానికైనా ఎర్రచందనానికైనా ఇకమీదా రాయను" అని రాసి, సంతకం చేసి, ఆ మధ్యాహ్నం బస్సులోనే తిరుపతికి పంపించాను.