గుట్ట రెండుసార్లు పొంగింది

మా షాహనా చేతిసంచీలో దువ్వెన ఉండదు గానీ సుత్తి ఉంటుంది. కర్నూలు కాలేజీలో ఇద్దరం ఒకే గదిలో కూర్చుని రాళ్ల మీద పరిశోధన చేస్తాం కాబట్టి ఆ సుత్తి బరువు నాకు బాగా తెలుసు. బస్సెక్కితే దాన్ని నా ఒళ్లోనే పెడుతుంది మహాతల్లి!

వేంపల్లె దగ్గరి ఓ గుట్ట ఆమె పిచ్చి. ఏనాడో భూమి లోపల కరిగిన రాయి పొంగుకొచ్చి, నిదానంగా చల్లారి, పొరలు పొరలుగా గట్టిపడిన గుట్ట అది. ఆ పొంగు ఒక్కసారే వచ్చిందని మా గైడు కిరణ్‌కుమార్ సార్ అంటారు. సగం చల్లారాక మళ్లీ వచ్చిందని షాహనా పట్టు. తేల్చాల్సింది ఆలివిన్ అనే పచ్చటి ఖనిజం. ఒకే పొంగయితే కింది పొర నుంచి పైకి పోయేకొద్దీ అందులో మెగ్నీషియం తగ్గుతూ పోవాలి. మధ్యలో ఠక్కున పెరిగిందంటే కొత్త సరుకు వచ్చి కలిసినట్టే.

ఆ లెక్క తీసే మిషన్ హైదరాబాదులో ఉంది. దాని మీద తేదీ దొరకడమే గగనం. ఎలాగో దొరికిన ఆ తేదీ తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి, ఈలోగా సార్ మాటే థీసిస్‌లో రాసి తల వంచుకోవాలి. అందుకే గుట్ట అడుగు నుంచి పైదాకా వరసగా రాళ్లు కొట్టి, ఒక్కోదానికి పెయింటుతో నంబరేసి, గోతంలో కట్టి ఇంట్లో పెట్టింది.

ఆమె నాయన మదార్ సాహెబ్ నాపబండలకు పాలిష్ పట్టే మనిషి. ప్రయాణం ఇంకో వారం ఉందనగా షాహనా ఫోన్‌లో ఒకటే కేక. పరుగెత్తాను. మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద రాళ్లన్నీ అద్దాల్లా తళతళలాడుతున్నాయి.

"ఎట్లుండాయి వాసవమ్మా? బిడ్డ హైదరాబాదు పోతాండాది. పెద్దోళ్ల ముందర మురికి రాళ్లు పెడితే మర్యాదగుంటాదా?" అని మదార్ మామ నన్నడిగాడు.

"నంబర్లు యాడ పోయినాయి మామా?"

"ఆ మరకలా? కడిగితే పోలేదమ్మా. మిషన్ పెట్టి తీసేసినా!"

నాకు ఒళ్లు మండింది. మరుక్షణం ఆపుకోలేని నవ్వొచ్చింది. రాళ్లలో ఖనిజం ఎక్కడికీ పోలేదు, ఏది కిందిదో ఏది పైదో తెలియడమే పోయింది. షాహనా గోడకానుకుని భోరుమంది. సంగతి అర్థమయ్యేసరికి మామ ముఖం మాడిపోయింది. "ఊరుకో మా. గుట్ట ఆడనే ఉండాది గదా. పోదాం పా," అన్నాడు.

తెల్లారి ముగ్గురం బస్సెక్కి వేంపల్లెలో దిగాం. కొత్త రాళ్ల గోతం ఆయనే మోస్తానన్నాడు, చెయ్యి వెయ్యనిస్తేనా! సగం గుట్ట ఎక్కేసరికి ఆయన వెనకబడ్డాడు. ఉత్తపుణ్యానికి తలగుడ్డ విప్పుతాడు, కడతాడు, మళ్లీ విప్పుతాడు. ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు మరి.

షాహనా టక్కున ఆగింది. "నాయనా, ఈడ ఒక రాయి కావల్ల. శానా ముఖ్యం. కూచోని గట్టిగా పట్టుకో."

అక్కడ రాయి తీయాలని మేము అనుకోనే లేదు. ఆ మాట అనబోయాను. నా కాలు తొక్కింది రాక్షసి! ఆయనకు ఊపిరి కుదురుకునేదాకా సుత్తితో మెల్లగా కొడుతూనే ఉంది.

హైదరాబాదు నుంచి ఆమె ఫోన్ చేసినప్పుడు నేను పాలిష్ ఫ్యాక్టరీలో మామ పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టాను.

"తగ్గుతా తగ్గుతా వచ్చి ఠక్కున ఎగిరింది వాసవీ! ఆ ఒక్క రాయిలోనే! దాని పైనుంచి మళ్లీ దిగుడే. సార్‌కు ఫోన్ చేసి చెప్తే ఒప్పుకున్నాడు, రెండు పొంగులనే రాయమన్నాడు!"

నేను అక్కడే గెంతులేశాను. మామ మిషన్ ఆపి ఫోన్ లాక్కున్నాడు.

"ఏ రాయి మా?"

"నువ్వు కూచోని పట్టుకున్నావే, అదే నాయనా."

"సూసినావా! అది ముఖ్యమని నీకు ముందే తెల్సు!"



"తెలీదు నాయనా. నీకు ఆయాసమొచ్చిందని ఆగినా."

మామ ఫోన్ నా చేతిలో పెట్టి బండల మీద కూలబడ్డాడు. కళ్లనుంచి నీళ్లు కారుతుంటే పగలబడి నవ్వాడు. "అంత దాచినా కనిపెట్టేసినాది వాసవమ్మా," అన్నాడు.