ముందు సీటు ఖాళీగా నడిపిన నా కొడుకు

చిన్నోడా! ఇట్లా పిలిస్తే ఇంటి వెనక కారు కడుగుతున్నా సరే, "ఆఁ అవ్వా" అని పలికేవాడు మా కొడుకు. ఇప్పుడు అలవాటు కొద్దీ పిలిస్తే పక్కింటివాళ్లు వచ్చి నన్ను చూసి పోతున్నారు. వాడు పోయి నెల దాటింది.

రెండు రోజులు కరీంనగర్ దవాఖానలో వాడి పక్కనే ఉన్నాను. మూడో రోజు పొద్దున బట్టలు తెచ్చుకుందామని సుల్తానాబాద్ వచ్చాను. వాడి లుంగీ, తువాలు సంచిలో సర్దుతుంటే ఫోన్ మోగింది. వాడితో పాటు కార్ల అడ్డాలో బండి పెట్టే పెద్దమనిషి, పిల్లలంతా చాచా అని పిలిచే ఆయన, దవాఖాన నుంచి చేశాడు.

"చెల్లె, ఇంట్ల ఒక్కదానివే ఉన్నవా? పక్కింటోళ్లను జర పిలువు," అన్నాడు.

"ఎందుకు భాయ్? ఆపరేషన్ మంచిగైందన్నరు గద?"

ఫోన్‌లో ఆయన ఏడుపు వినిపించింది. సంచి సర్దడం ఆపేశాను. ఎవరి కోసం సర్దాలి?

వాళ్ల బాపు పోయినప్పుడు వీడు నాలుగో తరగతి. బీడీలు చుట్టి పెంచాను. ఇంటర్ అయినంక కొన్నేళ్లు వేరేవాళ్ల బండి నడిపి, తరువాత సొంతంగా కారు కొన్నాడు. సుల్తానాబాద్ నుంచి కరీంనగర్‌కు మనుషులను ఎక్కించుకుని పోయేవాడు. ముందు ఒకరు, వెనక ముగ్గురు. ముసలివాళ్లను ఇంటి దగ్గర దించితే, వాళ్లు తాళం తీసి లోపలికి పోయేదాకా బండి కదిలించేవాడు కాదు. "దిగంగనే అయిపోదే అవ్వా, లోపలికి పోవుడు కనవడాలె," అనేవాడు.

మా ఇద్దరి మధ్య గొడవ ముందు సీటు దగ్గర వచ్చింది. అది రాస్తేనే వాడి గురించి రాసినట్టు.

మా చెల్లె వాళ్లు లక్సెట్టిపేట నుంచి వచ్చారు. అందరం కొండగట్టుకు బయలుదేరాం. వెనక కూర్చుంటే నాకు వాంతులవుతాయి. అందుకని కారు కొన్ననాటి నుంచి ముందు సీటు నాదే. ఆ రోజు తలుపు మీద చెయ్యి వేశానో లేదో, వాడు అడ్డం వచ్చాడు.

"ముందట వద్దు అవ్వా, ఎనుక కూసో."

"ఎందుకురా?"

"షోరూమోళ్లు ఫోన్ చేసిండ్రు. ఈ సీటు కింద సెన్సర్ ఖరాబున్నదట. మనిషి కూసున్నా సరే, సీటు ఖాళీగున్నదనుకుంటదట. బండి దేనికన్న గుద్దుకుంటే నీ ముందట ఎయిర్ బ్యాగ్ తెరుసుకోదు. ఇసొంటి బండ్లు మస్తున్నయట, అన్నిటిని వాపస్ పిలిచి ఫుకట్ల మారుస్తరట. కొత్త సామాను వచ్చేదాక ముందట ఎవ్వర్ని కూసోవెట్టద్దన్నరు."

"గిన్ని దినాల సంది కూసున్న సీటుకు ఇయ్యాల్నే రోగమొచ్చిందా? నేను వాంతి చేసుకుంటే చుట్టాల ముంగట నీకు నామోషీ. గది చెప్పు."

"నీ కాళ్లు మొక్కుతనే అవ్వా, ఎక్కు."

మా చెల్లె పకపకా నవ్వింది. "కొడుకు కారని గద్దె మీద కూసున్నవు గదనే అక్కా, ఇగ దిగు!" అంది.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. వెనక కూర్చున్నాను. కొండగట్టు చేరేలోపల రెండుసార్లు బండి ఆపించాను. రెండుసార్లూ వాడు నీళ్లు పట్టుకొచ్చి, వాసన చూడమని నిమ్మకాయ ఇచ్చాడు. నేను తీసుకోలేదు. ఇంటికి రాగానే "ఇగ నీ బండి ఎక్క" అని చెప్పేశాను. ఆ తరువాత మాట్లాడలేదు. వాడు చెప్పింది అబద్ధమని అనుకున్నాను.

సామాను ఇవ్వాళ, రేపు అంటూ రెండు నెలలు రాలేదు. ఆ రెండు నెలలూ నేను వండాను, టిఫిన్ డబ్బా కట్టాను, అరుగు మీద పెట్టాను. "అవ్వా, పోయొస్త" అనేవాడు. నేను బీడీల చాట వైపు చూస్తూ కూర్చునేదాన్ని. సాయంత్రం డబ్బా తెరిస్తే అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది, మీద కూర ఎండిపోయి. వాడు చిన్నప్పుడు కూడా అంతే. నేను ఒక మాటంటే అన్నం మీద అలిగేవాడు, బతిమాలితే గాని తినేవాడు కాదు. ఓహో, నువ్వు కూడా అలిగినవా, చూద్దాం ఎవరు ముందు మాట్లాడతారో, అని ఆ అన్నం పక్కింటి బర్రెకు వేశాను. ఒక్కరోజు కాదు, చాలా రోజులు.

అడ్డాలో ఏం జరిగేదో చాచా నాకు ఇప్పుడు చెబుతున్నాడు. ముందు సీట్లో నా టిఫిన్ డబ్బా పెట్టి బెల్టు కూడా పెట్టేవాడట. "నవాబ్ సాబ్ డబ్బాను ముంగట కూసోవెట్టి ఊరు తిప్పుతుండు" అని చాచానే వాణ్ని ఏడిపించేవాడట. ఒకరోజు బాగా లావుగా ఉండే బట్టల దుకాణం సేటు ఒకాయన ముందే కూర్చుంటానని పట్టుబట్టాడట.

"నా అసొంటోడు కూసుంటే సెన్సర్‌కే కాదు, నాలుగు టైర్లకు తెలుస్తది! నడువ్!"

"టైర్లకు తెలుస్తది సేటూ, సీటుకే తెలుస్తలేదు," అని వీడు నవ్వించి, ఆయనను వెనక ఎక్కించాడట.

"నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలుస్తదిరా?" అని తోటి డ్రైవర్లు అన్నారట.

"నాకు తెలుసు గద," అన్నాడట.

ముగ్గురితోనే పోవాలి కాబట్టి రోజుకు రెండు ట్రిప్పులు ఎక్కువ తిరిగేవాడు. తినే వేళకు కరీంనగర్ దారిలో ఉండేవాడు. తిందామని డబ్బా తీసేసరికి ఎవరో ఒకరు వచ్చి బండి ఎక్కేవాళ్లు. నడుము నొప్పికి, తలనొప్పికి మందుల దుకాణంలో అడిగి గోళీలు తెచ్చుకునేవాడు. ఖాళీ కడుపు మీద చాయ్, చాయ్ మీద గోళీ. ఇదేదీ నాకు తెలియదు. అడిగితే కదా తెలిసేది.

సామాను వచ్చి సీటు బాగైన రోజు షోరూం నుంచి నేరుగా ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే హారన్ కొట్టాడు. "రావే అవ్వా, ఒక్కపారి కూసొని చూడు," అన్నాడు. నేను కదలలేదు. వాడే వచ్చి చాట తీసి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. నేను కూర్చోగానే ముందు ఒక చిన్న దీపం ఆరిపోయింది.

"సూసినవా? సీటు ఖాళీగుంటె వెలిగే దీపం ఇది. ఇంతకుముందు నువ్వు కూసున్నా వెలుగుతనే ఉంటుండె. ఇప్పుడు నిన్ను గుర్తువట్టింది."

అప్పుడు నాకు సిగ్గేసింది. మార్కెట్ దాకా పోయి వద్దామన్నాడు. మధ్యలో ఒక మేక అడ్డం వస్తే గట్టిగా బ్రేక్ వేశాడు. వేస్తూనే ఎడమ చెయ్యి నా రొమ్ముకు అడ్డం పెట్టాడు.

"మిషన్ బాగైంది గదరా, ఇంక చెయ్యెందుకు?"

"నువ్వు ముందట కూసున్నప్పటి అలవాటు, పోతలేదే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే ధైర్యం చేసి అడిగాను. "మరి నా మీద కోపంతోనేనా అన్నం ముట్టలే?"

వాడు నా వైపు తిరిగి చూశాడు. "కోపమా? నువ్వు మాట్లాడకపోయినా డబ్బా కడితివి గద, ఇంక కోపమేంది! ఫుర్సత్ లేకుండె అవ్వా. రేపటి సంది తింటలే, ఫికర్ వెట్టుకోకు."

ఆ తరువాత తిన్నాడు కూడా, పన్నెండు రోజులు. డబ్బా ఖాళీగా వచ్చేది. పదమూడో రోజు అడ్డాలోనే కడుపు పట్టుకుని కింద కూర్చున్నాడట. లోపల పుండు పడి పగిలిందని డాక్టర్ చెప్పాడు. ఒక్కరోజులో అయింది కాదమ్మా, నెలల తరబడి ఖాళీ కడుపు మీద గోళీలు మింగాడు అన్నాడు. ఆ నెలల్లోనే నేను అలిగి కూర్చున్నాను.

మీ బండి గురించి అట్లాంటి ఫోన్ వస్తే పక్కన పెట్టకండి. మా వాడు పక్కన పెట్టలేదు. ఆ రెండు నెలల్లో వాడి బండి ఎక్కినవాళ్లంతా క్షేమంగా దిగి వాళ్ల ఇళ్లకు పోయారు. వాళ్లు దినం నాడు వచ్చి మా వాకిట్లో నిలబడితే నాకు కొంచెం ఊపిరి ఆడింది. వాడి సంగతే వాడు చూసుకోలేదు. చూడాల్సిన నేను చూడలేదు.

మొన్న బీడీలు అప్పజెప్పడానికి పోతూ అడ్డా దగ్గర ఆగాను. ఒంటిగంటయింది. చాచా అన్ని బండ్లనూ ఆపి, డ్రైవర్లందరినీ వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాడు. బండెక్కాల్సినవాళ్లు లేటవుతోందని గొణుగుతుంటే, "పిల్లగాండ్లు తింటుండ్రు, జర ఆగుండ్రి" అని గద్దించాడు. నన్ను చూసి ఒక పిల్లవాడు పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను కూడా వాళ్లతో కూర్చుని నాలుగు ముద్దలు తిన్నాను. నెల రోజుల్లో అన్నం రుచి తెలియడం అదే మొదటిసారి.

మీరు కూడా పనులు కాసేపు ఆపి, వేళకు కడుపునిండా తినండి.