పదకొండు ఒకట్లు

యుద్ధం రోజుల్లో చిత్తూరులో తెల్లకాగితం దొరకడం గగనమైపోయింది. అందుకే మా నాయన లెక్కంతా పలక మీదే సాగింది. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. రెండు కళ్లకూ శుక్లాలు కమ్మి, బలపం గీత కూడా కనబడేది కాదు. నేను ఆడపిల్లల బడిలో టీచరును. బడి నుంచి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా, పలక పట్టుకుని ఆయన ముందు కూర్చోవాలి.

ఆయనకు పట్టిన పిచ్చి ఒక్కటే: వరసగా పదకొండు ఒకట్లు రాస్తే వచ్చే సంఖ్య. వెయ్యి నూటపదకొండు కోట్ల పైచిలుకు. దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య ఏదైనా ఉందా, లేక అది ప్రధాన సంఖ్యా? అన్నిటితోనూ భాగించి చూడనక్కర్లేదని ఆయనే తేల్చాడు. ఇరవైరెండుతో భాగిస్తే ఒకటి మిగిలే ప్రధాన సంఖ్యలు, అవీ లక్షా అయిదువేల చిల్లర దాకా చూస్తే చాలు. అయినా వెయ్యికి దగ్గరగా ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే నోటితో చెప్పేవాడు, నేను భాగించేదాన్ని. లబ్ధమూ శేషమూ చదివితే, అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, మనసులోనే సరిచూసుకుని "సరే" అనేవాడు. కాగితం కరువు కదా, వరస నంబరు వేసి శేషం ఒక్కటే నోటుబుక్కులో ఎక్కించి పలక తుడిచేసేదాన్ని.

ఒక ఆదివారం తోటి టీచర్లు మ్యాట్నీకి పోదామని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాయన అప్పుడే ఇరవై వేల పైన సంఖ్యలు మొదలుపెట్టాడు.

"ఈ పొద్దుకు ఇంగ ముప్పై ఉండాయి. అవి అయినాక పో" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. భాగించడం మానేశాను. లబ్ధంలో మొదటి రెండంకెలు నిజంగా చూసి, తక్కినవి తోచినట్టు వేసి, శేషాన్ని మాత్రం తొమ్మిదుల లెక్కకు సరిపోయేలా దిద్దాను. ఆయన చెవిన పడాలని బలపాన్ని పలక మీద టకటకలాడించాను కూడా. ఆయన నాకు చిన్నప్పుడు నేర్పిన లెక్కతోనే ఆయన్ను మోసం చేశాను.

"ఈ పొద్దు సెయ్యి బాగా పరిగెత్తతా ఉండాదే తల్లీ!" అని మురిసిపోయాడు.

నవ్వాను. సినిమా టైముకే అందుకున్నాను.

కొన్ని నెలలకు చివరి సంఖ్య కూడా అయిపోయింది. ఎక్కడా సున్నా రాలేదు. పాకాల నుంచి చూడ్డానికి వచ్చే పాత శిష్యులందరికీ చెప్పేశాడు. మద్రాసులో ఉన్న తన పాత ప్రొఫెసరుకు ఉత్తరం రాయించాడు. రాసింది నేనే. ఆ ముప్పై గుర్తొచ్చి చెయ్యి ఆగింది. వెయ్యిలో ముప్పై ఎంతలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

జవాబు కార్డు మీద వచ్చింది. చదివి వినిపించాల్సిందీ నేనే. "ఇరవై ఒక్కవేల ఆరువందల నలభైతొమ్మిదితో మరొకసారి భాగించి చూడగలరు."

నాయన మనసులోనే లెక్కగట్టి, అది వరసలో ఎన్నోదో చెప్పాడు. "దానికి మన బుక్కులో ఎంతుండాది, సూడు."

"ఏడువేల మూడువందల పది."

"పలక తీసుకో. మళ్లా సెయ్యి."

ఈసారి ఒక్కో అంకే పైకి చెబుతూ భాగించాను. లబ్ధం అయిదు లక్షల పదమూడువేల రెండువందల ముప్పైతొమ్మిది. శేషం సున్నా.

"నువ్వు దిగులు పడబాకమ్మా. తొమ్మిదులతో సరిసూసింది నేనే గదా, నీ లెక్క యాడా తప్పిపోలా. ఆ పొద్దు సంఖ్యే తప్పు సెప్పినట్టుండాను. నాకు వయసైపోయినాది" అన్నాడు.

నేను పలక తుడిచేశాను.

వెంటనే ప్రొఫెసరుకు క్షమాపణ రాయమన్నాడు. ఆయన చెప్పిన మాటలే నా చేత్తో రాశాను: "నా కుమార్తె చేసిన భాగహారంలో దోషం లేదు. పొరపాటు పూర్తిగా నాది." తర్వాత ఆయన వేళ్లు పట్టుకుని, ఆ వాక్యం కింద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను.