నేను ఆపేసిన శనివారం పాటలు

పదిహేడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు, తమ్ముడికి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే ముందు మీకు రాస్తున్నాను. ఈసారి సగంలో ఆపను.

మా అమ్మకు మతిమరుపు జబ్బు ముదిరిన రోజులవి. బళేపేటలో గాజుల అంగడి నడిపిన మనిషి, నన్నే మరిచిపోయింది. శనివారం ఉదయాల్లో ఒక చర్చి హాల్లో అమ్మలాంటి వాళ్లనూ, వాళ్లను చూసుకునే మాలాంటి వాళ్లనూ కూర్చోబెట్టి పాటలు పాడించేవారు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ఎవరూ తమ మనిషి పక్కన కూర్చోకూడదు. వారమంతా చాకిరీ చేసేవాళ్లకు ఆ గంటైనా తెరిపి ఉండాలని. నేను రూతమ్మ అనే నర్సు భర్త పక్కన కూర్చునేదాన్ని, ఆయనకూ అదే జబ్బు. రూతమ్మ మా అమ్మ పక్కన.

మూడో వారం అమ్మ ఒక కోలాటం పాట ఎత్తుకుంది. నేనెప్పుడూ వినని పాట. రూతమ్మ చేతులు పట్టుకుని తాళం వేస్తూ, చివరిదాకా తప్పు లేకుండా పాడింది. పాడి, ఆమె బుగ్గ నిమిరి "నా బిడ్డ" అంది.

స్నానం చేయించేది నేను, తిట్లు తినేది నేను. బిడ్డ మాత్రం ఆమె. ఆ పద్ధతి నా మేలుకేనని నాకు తెలియదా? తెలుసు. తెలిసే, మరుసటి శనివారం అమ్మను గడప దాటించలేదు.

తమ్ముడు అడిగాడు. "ఏమక్కా, అమ్మను పాటలకు పిల్చుకపోలేదా?"

"అది నిలిపేసినారప్పా. జనం రాలేదంట."

"అయ్యో. ఆడుంటే అమ్మ నవ్వుతా ఉండె."

రూతమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. అమ్మకు జ్వరమన్నాను. ఇంటి ముందు ఆటో ఆగితే చాలు, పాటలకనుకుని అమ్మ చెప్పులు వెతుక్కునేది. కొన్నాళ్లకు అదీ మానేసింది. నేనే ఆమె చేతులు పట్టుకుని పాడమని బతిమాలాను. చేతులు వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. ఒక్క పాట పాడలేదు.

జబ్బే ఆమె గొంతు తీసేసిందని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. కావచ్చు. ఆ శనివారాలు మాత్రం నేనే తీసేశాను.

రేపు ఈ కాగితం తమ్ముడి చేతికిస్తాను. మాట్లాడటం మానేస్తే మానేయనీ. రూతమ్మ నెంబరు పాత డైరీలో ఉంది. ఆమెకూ ఫోన్ చేసి, జ్వరం అబద్ధమని చెబుతాను. ఆ పాట గుర్తుందా అని అడిగే ముఖం నాకు లేదు, అడగను.

అమ్మ పాటను నేనే ఆపాను. రాసేశాను.